"బాంబులేస్తేనే యుద్ధం ఆగింది" అని ఎవరైనా అంటే ఏం అడగాలి

టీవీలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా ప్రతి ఇంట్లో ఒక బాబాయ్ తయారవుతాడు. "ఊరు మొత్తం లేపేస్తే రెండు రోజుల్లో కాళ్లబేరానికి వస్తారు, హిరోషిమా తర్వాత జపాన్ రాలేదా?" అంటాడు. పక్కన ఇంకొకరు "అమాయకుల్ని చంపడం తప్పు కదా" అంటారు. గొంతులు పెరుగుతాయి గానీ ఏదీ తేలదు, ఎందుకంటే ఆయన మాట్లాడేది ఫలితం గురించి, ఈవిడ మాట్లాడేది ధర్మం గురించి. మీరు మధ్యలో దూరదలచుకుంటే ముందు ఈ రెండిటినీ విడదీయండి.

ఫలితంతోనే మొదలుపెట్టండి, అక్కడైతే కాగితాలున్నాయి. ఎవరైనా "పని చేసింది" అనగానే "ఏ పని?" అని అడగండి. దాడికి ముందు ఏం సాధిస్తామని రాసుకున్నారో అదే కొలబద్ద, అయిపోయాక చెప్పుకున్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సంగతే చూడండి. వాళ్ల బాంబర్ల గురి ఎంత సరిగ్గా ఉందో పరిశీలించి 1941 ఆగస్టులో ఇచ్చిన బట్ నివేదిక ప్రకారం, లక్ష్యం మీద బాంబులు వేసొచ్చామని చెప్పిన విమానాల్లో దానికి ఐదు మైళ్ల లోపలికి నిజంగా వెళ్లినవి మూడింట ఒక వంతే. చీకట్లో ఫ్యాక్టరీ దొరకదు, ఊరైతే దొరుకుతుంది. 1942 ఫిబ్రవరి 14న బాంబర్ కమాండ్‌కు, అంటే బ్రిటన్ వైమానిక దళంలోని బాంబర్ల విభాగానికి, కొత్త ఆదేశం వెళ్లింది: ఇక దెబ్బ కొట్టాల్సింది శత్రుదేశపు పౌరుల, ముఖ్యంగా ఫ్యాక్టరీ కార్మికుల మనోధైర్యాన్ని. ఎవరికీ అనుమానం ఉండకూడదని వైమానిక దళాధిపతి పోర్టల్ మర్నాడే ఇంకో మాట జోడించాడు, గురిపెట్టాల్సింది జనం ఇళ్లున్న ప్రాంతాలకి, ఓడరేవులకో విమానాల ఫ్యాక్టరీలకో కాదు అని. అంటే కొలబద్ద వాళ్లే మన చేతికిచ్చారు.

మరి ఆ ధైర్యం చెదిరిందా? యుద్ధం అయ్యాక అమెరికా వాళ్లే సర్వే చేసి తేల్చింది ఏంటంటే, జర్మన్లు అలిసిపోయారు, కుంగిపోయారు, గెలుస్తామన్న నమ్మకం పోయింది, అయినా పనికి మాత్రం వెళ్తూనే ఉన్నారు, వెళ్లకపోతే నాజీ పోలీసులు ఊరుకోరు కాబట్టి. 1943 జులైలో జర్మన్ నగరం హాంబర్గ్‌లో బాంబులు రేపిన మంటల తుఫానులో 37 వేల మంది దాకా పోయారు, అయినా తిరుగుబాటు లేదు. జర్మనీ ఆయుధాల ఉత్పత్తి అత్యధిక స్థాయికి చేరింది 1944 మధ్యలో, అంటే నెత్తిన బాంబులు పడుతుండగానే. ఇల్లు కూలినవాడు ముందు పిల్లల్ని వెతుక్కుంటాడు, తర్వాత నీళ్లు, తర్వాత తలదాచుకునే చోటు. అవి ఇచ్చేది కూడా ఆ ప్రభుత్వమే, ఇంక దాన్నెక్కడ దించుతాడు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసినప్పుడు కూడా మనవాళ్లు భయపడి పల్లెలకు తరలిపోయారు. ఊరు వదిలి వెళ్లడం వేరు, పాలకుల మీద తిరగబడటం వేరు.

ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తే అవతలివాళ్ల పప్పులుడకవు. 1940లో లండన్ మీద వరసగా 57 రాత్రులు జర్మనీ బాంబులు పడ్డాయి, ఆ దాడులన్నీ ముగిసేసరికి బ్రిటన్‌లో దాదాపు 43 వేల మంది పౌరులు చనిపోయారు, మేం చెక్కు చెదరలేదని ఆ దేశం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. మనవాళ్లయితే లొంగరు, అవతలివాళ్లయితే లొంగిపోతారు అన్న లెక్క ఎక్కడిది?

అలాగని ఏమీ ఒరగలేదని మాత్రం అనకండి, అక్కడ మీరే దొరికిపోతారు. నగరాలను కాపాడుకోవడానికి జర్మనీ వేల ఫిరంగుల్ని, యుద్ధ విమానాల్లో పెద్ద భాగాన్ని రష్యా వైపు కాకుండా ఇంట్లోనే పెట్టుకోవాల్సి వచ్చింది. 1944 మే నుంచి మిత్రదేశాల విమానాలు పెట్రోలు తయారుచేసే ప్లాంట్ల మీద పడ్డాక, ఏప్రిల్‌లో 1,75,000 టన్నులున్న విమాన ఇంధనం ఉత్పత్తి సెప్టెంబరుకల్లా 5,000 టన్నులకు వచ్చింది. విమానాలున్నాయి, ఎగరడానికి చుక్క లేదు. కానీ గమనించండి, ఇది ఇళ్లను తగలబెట్టి సాధించింది కాదు. నగరాల మీదే పట్టుబట్టిన బాంబర్ కమాండ్ అధిపతి హారిస్‌కు ఇలాంటి లక్ష్యాలంటే మొదట్నుంచీ చిన్నచూపు. ఖర్చు లెక్కలో ఆయన కుర్రాళ్లను కూడా వేయాలి, బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు.

ఇప్పుడు ధర్మం. "యుద్ధంలో నీతేంటి?" అనేవాళ్లుంటారు. వాళ్లకు అశ్వత్థామను గుర్తుచేయండి, నిద్రలో ఉన్నవాళ్లను చంపిన ఆయన్ని మన కథలు తప్పుపట్టాయి. ఆ తర్వాత అడగాల్సింది పౌరులు చనిపోయారా అని కాదు, ప్రతి యుద్ధంలోనూ చనిపోతారు. వాళ్లు చావడమే దారిగా పెట్టుకున్నారా, లేక వేరే లక్ష్యాన్ని కొడుతుంటే మధ్యలో పోయారా, అది అడగాలి. దానికి జవాబు ఉపన్యాసాల్లో దొరకదు, సామాన్లలో దొరుకుతుంది. 1943లో అమెరికా సైన్యం యూటా ఎడారిలోని డగ్‌వేలో జర్మన్ ఇళ్లు, జపాన్ ఇళ్లు అచ్చుగుద్దినట్టు కట్టించింది. జర్మన్ ఇళ్లలో అక్కడి తరహా ఫర్నిచర్, జపాన్ ఇళ్లలో గడ్డితో అల్లిన తతామి చాపలు. వాటిని తగలబెట్టడం, మళ్లీ కట్టడం, మళ్లీ తగలబెట్టడం. ఏ బాంబు ఆర్పడానికి వీల్లేని మంట పుట్టిస్తుందో అక్కడ చూసుకున్నారు. 1945 మార్చి 9-10 రాత్రి టోక్యోలో 279 అమెరికన్ బి-29 బాంబర్ విమానాలు 16 చదరపు మైళ్లు కాల్చేస్తే దాదాపు లక్ష మంది చనిపోయారు. "ఆ ఇళ్లలోనే చిన్న చిన్న వర్క్‌షాపులుండేవి" అంటారు. కొంత నిజమే, కానీ చాపలు ఎంత త్వరగా అంటుకుంటాయో కొలిచినవాళ్లు వర్క్‌షాపుల కోసమే వచ్చారంటే నేను నమ్మను.

"వేరే దారి లేదు" అంటే తేదీ అడగండి. 1940 చివర్లో జర్మనీని కొట్టడానికి బ్రిటన్ దగ్గర బాంబర్లు తప్ప పెద్దగా ఏమీ లేవు, అప్పుడు ఆ మాటకు బరువుంది. 1945 ఫిబ్రవరిలో జర్మన్ నగరం డ్రెస్డెన్ మీద దాడి నాటికి ఆ బరువు ఎక్కడుంది? పై పై సాకులతో భయం పెంచడానికే చేస్తున్న ఈ బాంబింగ్‌ను పునఃపరిశీలించాలని బ్రిటన్ ప్రధాని చర్చిల్ స్వయంగా ఆ మార్చి 28న రాశాడు (తర్వాత సైన్యాధికారులు గింజుకుంటే మెత్తబరిచాడనుకోండి). "ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదు" అన్నది కూడా అబద్ధమే, బిషప్ జార్జ్ బెల్ 1944 ఫిబ్రవరి 9న బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో నిలబడి ఇలా ఊళ్లమీద బాంబులేయడం న్యాయమా అని అడిగాడు.

హిరోషిమా దగ్గర జాగ్రత్త. 1945 ఆగస్టు 6న అక్కడ, 9న నాగసాకిలో అణుబాంబు, మధ్యలో 8న సోవియట్ యుద్ధ ప్రకటన, 15న లొంగుబాటు ప్రసంగం. అన్నీ అంత దగ్గరగా ఉంటే ఒక్కదానికే క్రెడిట్ ఇవ్వడం కష్టం. చక్రవర్తి ప్రజలకు చెప్పిన ప్రసంగంలో కొత్త రకం క్రూరమైన బాంబు ప్రస్తావన ఉంది, 17న సైనికులకు చెప్పినదాంట్లో సోవియట్లు యుద్ధంలోకి దిగిన విషయం ఉంది. అప్పటికే 60కి పైగా నగరాలు కాలినా జపాన్ ఎందుకు లొంగలేదని కూడా అడగండి. ఒకవేళ బాంబే యుద్ధాన్ని ఆపిందని ఒప్పుకున్నా, అది ఫలితం అన్న మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే.

చివరగా, ఈ బాంబింగ్ తప్పని వాదించేటప్పుడు మీరు జారిపడే చోట్లు రెండున్నాయి. డ్రెస్డెన్‌లో రెండు లక్షల మంది అనకండి, అది నాజీ ప్రచారం పెంచిన అంకె. 2010లో చరిత్రకారుల కమిషన్ తేల్చింది గరిష్ఠంగా 25 వేలు. "అప్పటికే చట్టవిరుద్ధం" అని కూడా గట్టిగా అనకండి. యుద్ధం ఎలా చేయాలో చెప్పిన 1907 హేగ్ నియమాలు రక్షణ లేని ఊళ్ల మీద దాడినే నిషేధించాయి, విమాన విధ్వంసక ఫిరంగులున్న నగరం ఆ లెక్కలోకి రాదని వాదించేవాళ్లు. స్పష్టమైన నిషేధం 1977 జెనీవా అదనపు ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందంతో వచ్చింది. దాన్ని అమెరికా ఆమోదించలేదు, మన దేశం కూడా చేరలేదు, కాబట్టి అవతలివాళ్లు ఎత్తిపొడవకముందే మీరే చెప్పేయండి.