గోల్ఫ్‌లో పటర్ పట్టేముందు జాగ్రత్తలు

పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్స్ 72 షాట్లలో ముగించాల్సిన చోట, లెక్క ప్రకారం సగం, అంటే 36 షాట్లు, గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద పట్‌లకే (పటర్ అనే కర్రతో బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బలు). స్కోరు తగ్గాలంటే దూరం కొట్టే డ్రైవర్ కర్రతో కుస్తీ పట్టేకంటే ఇక్కడ చూసుకోవడం నయం.

– రౌండ్‌కి ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద పది నిమిషాలు గడపండి. హోల్ సంగతి తర్వాత. 10, 20, 30 అడుగుల దూరాలకు కొట్టి, ఆ రోజు గ్రీన్ వేగం చేతికి తెలియనివ్వండి. పొద్దున తడి మీద ఆగిపోయిన బంతి, ఎండెక్కాక అదే దెబ్బకి హోల్ దాటిపోతుంది.

– బంతి ఎత్తేముందు దాని చోటు గుర్తుకి మార్కర్ (నాణెం లాంటి బిళ్ల) పెట్టారా? మరిచిపోతే ఒక పెనాల్టీ స్ట్రోక్, అంటే స్కోరులో ఒక షాట్ ఎక్కువ.

– బంతి వెనక కూర్చుని వాలు చూడండి. చివరి మూడడుగులు మరీ జాగ్రత్తగా చూడాలి. బంతి నెమ్మదించాకే వాలు దాన్ని ఎక్కువగా లాగుతుంది. మనలో చాలామంది బంతి దగ్గరి వాలు చూసి లేచిపోతాం!

– లైన్‌లో, అంటే బంతి హోల్‌కి వెళ్లే దారిలో, బూట్ల గుర్తులు, బంతి పడిన గుంటలు ఉంటే సరిచేసుకోవచ్చు. 2019 నుంచి రూల్ ఒప్పుకుంటుంది. హోల్‌లోని జెండా కర్ర తీయకుండా కొట్టినా పెనాల్టీ లేదు.

– పక్కవాళ్ల లైన్ తొక్కకండి.

– దూరం పట్ అయితే నేరుగా హోల్‌లో వేయాలన్న ఆశ వద్దు. దిశ కాస్త తప్పినా పర్లేదు, దూరం కుదిరితే రెండో పట్ సులువు. మూడు పట్‌లు పడేది ఎక్కువగా ఇక్కడే.

– టెన్షన్‌లో వేళ్లు బిగుసుకుంటాయి. ఒకసారి ఊపిరి వదిలి పట్టు సడలించండి.

– రెండడుగులదే కదా అని ఒంటిచేత్తో తోసేయకండి. నేను అలా పోగొట్టుకున్నవి లెక్కపెట్టడం మానేశాను.