ఎర్రనీళ్లు రాకముందే: డయాలసిస్‌లో ఉన్నవాళ్ల దిగులుకు జాగ్రత్తలు

గోదారికి ఎర్రనీళ్లు, అంటే వరద నీళ్లు తగిలాయంటే లంకల్లో అందరికీ గుబులే. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకునే మనిషికి ఆ గుబులు ఇంకో రకం. కాజ్‌వే మునిగితే సెంటర్‌కి వెళ్లేదెలా? "ధైర్యంగా ఉండండి" అంటే పోయే టెన్షన్ కాదది. మా నాన్నగారికి రెండేళ్లు అదే చెప్పి చూశాను.

ముందే ఒక లెక్క వేసుకున్నాక కుదుటపడ్డారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటేసింది. మేం మొదటిదాకా కూడా ఆగం. ఎగువన భద్రాచలంలో నీరు పెరుగుతోందని వినగానే సెంటర్ ఉన్న ఊళ్లో చుట్టాలింటికి మారిపోవాలని జూన్‌లోనే మాట్లాడుకున్నాం. రెండు వారాల మందులు, డయాలసిస్ కాగితాలు సంచిలో సర్దిపెట్టాం. ఎప్పుడు కదలాలో తెలిశాక, అర్ధరాత్రి టార్చి పట్టుకుని రేవు దాకా వెళ్లి నీళ్లు చూసి రావడం తగ్గించారు.

చూడ్డానికి వచ్చేవాళ్లతో ఇంకో ఇబ్బంది. మన కోనసీమలో ఒట్టి చేతులతో ఎవరొస్తారు? కొబ్బరి బోండాలో, చక్కెరకేళీ అరటిపళ్లో తెస్తారు. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ, డయాలసిస్ వాళ్ల గుండెకు ప్రమాదం. వద్దని ఆయన చేత చెప్పించకండి, గుమ్మంలోనే మీరు చెప్పేయండి. సొంత తోటలో కాయను కూడా కాదనాల్సి రావడం మనిషిని లోపల్లోపల ఎంత కుంగదీస్తుందో నాకు ఆలస్యంగా తెలిసింది.

నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి కాబట్టి వాటితోనే డిప్రెషన్‌ని పోల్చుకోలేం. పేపరు పక్కన పడేయడం, మనవలు పిలిచినా పలక్కపోవడం, "మీకు భారమయ్యాను" అనడం, డయాలసిస్‌కి రానని మొండికేయడం చూడండి. డయాలసిస్‌కి రానంటే వెంటనే, మిగతావి రెండు వారాలు అలాగే ఉంటే కిడ్నీ డాక్టరుకు చెప్పండి. మనసుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, గుణం కనిపించలేదని మధ్యలో ఆపకండి. కిడ్నీని బట్టి కొన్నిటి మోతాదు మార్చాలి, అందుకని ఊళ్లో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయొద్దు.

చావు మాట ఎత్తితే కసురుకోకుండా వినండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మా గోడ క్యాలెండర్ మీద పడవాయన నంబరు కిందే దాన్నీ రాసిపెట్టాం.