హెసరఘట్టలో బురుతపిట్టలను గుర్తుపట్టడం ఎలా

బెంగళూరులో మా ఎలహంక అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఎవరో ఒకరు మట్టిరంగు పిట్ట ఫొటో పెట్టి "అంకుల్, ఇదేం పిట్ట?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: అది అప్పుడు ఏం చేస్తోంది? బురుతపిట్టల్లో (ఇంగ్లీషులో లార్క్‌లు) చాలావాటి రంగు ఒకటే. తేడా పాటలో, ఎగరడంలో తెలుస్తుంది.

ముందు అది బురుతపిట్టేనా అన్నది చూసుకోండి. మాకు దగ్గర్లోని హెసరఘట్ట గడ్డి మైదానంలో పిపిట్‌లనే వేరే పిట్టలు కూడా అదే రంగులో తిరుగుతాయి. పిపిట్ సన్నగా, నిటారుగా ఉంటుంది, ముక్కు కూడా సన్నమే. గబగబా పరుగెత్తి, ఆగి, తోక ఆడిస్తుంది. బురుతపిట్ట ఒళ్లు బొద్దు, ముక్కు మందం. వెనకవేలి గోరు పొడుగని పుస్తకాలు చెబుతాయి. గడ్డిలో ఆ గోరు చూడగలిగినవాళ్లకు నా సలహా అక్కర్లేదు.

తర్వాత తేలికగా తెలిసేవాటిని పక్కన పెట్టేయండి. నెత్తి బూడిదరంగు, కడుపంతా నలుపు అయితే యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ మగది. ఈల వేస్తూ పైకి లేచి, రెక్కలు ముడిచి కిందికి దూకి, మళ్లీ లేస్తుంది. నిక్కబొడుచుకున్న జుట్టు, రొమ్ము మీద దట్టమైన చారలు ఉంటే మలబార్ లార్క్. దాని దాయాది సైక్స్ లార్క్‌కు చారలు తక్కువ, కడుపు ఎరుపు తిరిగి ఉంటుంది. కంటికి చిక్కనంత ఎత్తులో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆపకుండా పాడుతుంటే ఓరియంటల్ స్కైలార్క్.

అసలు టెన్షన్ బుష్‌లార్క్‌లనే బురుతపిట్టల దగ్గరే. జెర్డాన్స్, ఇండియన్ రెండింటికీ రెక్కలో ఇటుకరంగు ఉంటుంది. ఫొటో చూసి పందెం కాయకండి. జెర్డాన్స్ కంచె తీగమీదో, పొదమీదో, రాయిమీదో కూర్చుని, తాళాల గుత్తి ఆడించినట్టు పాడుతుంది. మధ్యలో కొద్దిగా పైకెగిరి, కాళ్లు వేలాడేసి మెల్లగా దిగుతుంది. ఇండియన్ బుష్‌లార్క్ ఇంకా పైకి లేచి, గాలిలోనే పాడుతూ, రెక్కలు పైకెత్తి దిగుతుంది. వీటితో పాటు సింగింగ్ బుష్‌లార్క్ కూడా ఉంది. దాని తోక అంచు తెలుపు, పాట పొడుగు, అందులో వేరే పక్షుల గొంతులూ వినిపిస్తాయి.

శాస్త్రవేత్తలు వీటిని విడదీయడంలోనూ పాటదే పెద్ద పాత్ర. ఒకప్పుడు జెర్డాన్స్‌ను బెంగాల్ బుష్‌లార్క్‌లో ఉపజాతిగా కలిపేవారు. బెంగాల్‌ది గాలిలో చాలాసేపు ఎగురుతూ పాడుతుంది, మన జెర్డాన్స్ కూర్చుని పాడుతుంది. పక్షి శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్ 1998లో ఇలాంటి తేడాలే చూపించి వేరు జాతులన్నాడు. 2023లో అతని బృందం జన్యువులు కూడా పరిశీలించి ఇవన్నీ ఉన్న మిరాఫ్రా ప్రజాతినే (దగ్గరి జాతుల గుంపునే) విడగొట్టింది. జెర్డాన్స్, ఇండియన్, బెంగాల్ మూడూ ప్లోసియలాడా అనే ప్రజాతిలోకి వెళ్లాయి, సింగింగ్ మాత్రం మిరాఫ్రాలోనే మిగిలింది. పాత గైడు పారేయక్కర్లేదు, పెన్సిల్‌తో కొత్త పేరు పక్కన రాసుకుంటే చాలు.

తొలి వానలు పడ్డాక తెల్లవారుజామున వెళ్లండి, అప్పుడు పాట బాగా వినిపిస్తుంది. కెమెరా తీసేముందు ఫోన్‌లో ఆ గొంతు కాసేపు రికార్డు చేసుకోండి. పిట్టను రప్పించడానికి మాత్రం రికార్డింగ్ పెట్టొద్దు. ఇవి గూడు నేలమీదే, గడ్డి దుబ్బుల కింద కడతాయి కాబట్టి బండి దారి వదిలి గడ్డిలోకి దింపకండి.