లేపాక్షిని తీరిగ్గా చూడటం ఎలా?

అనంతపురం వాళ్లం చుట్టాలొస్తేనే లేపాక్షి గుడికి వెళ్తాం. వేలాడే స్తంభం కింద కండువా దూర్చడం, నంది ముందు ఫోటో దిగడం, గంటలో వెనక్కి. చాలాసార్లు నేనూ అంతే. ఈసారి సగం రోజు పెట్టుకుని వెళ్లండి.

ముందుగా, పొద్దున్నే చేరుకోండి. హిందూపురం దాకా రైలో బస్సో ఎక్కితే, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. గుడి కాబట్టి చెప్పులు బయటే విడవాలి. ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద కాలు పెట్టి, నీడ దొరికేదాకా గెంతుతూనే ఉన్నాను. సాక్స్ దగ్గర పెట్టుకోండి, మొహమాటం వద్దు.

లోపలికెళ్లగానే పైకి కాదు, కిందికి చూడండి. ఆవరణలో చాలాచోట్ల నేలంటే గుట్ట బండే. తాబేలు వీపులా ఉంటుందని దీన్ని కూర్మశైలం అంటారు. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీని మీదే గుడి కట్టించారు. వెనకవైపు ఏడు పడగల నాగలింగం కూడా అక్కడున్న బండనే చెక్కింది. మధ్యాహ్నం వంట అయ్యేలోపు శిల్పులు దాన్ని పూర్తి చేశారని కథ. ఆకలి మీద చెక్కారేమో మరి!

తర్వాత నాట్యమండపం. ఎండలోంచి వస్తే ముందు ఏమీ కనబడదు. ఐదు నిమిషాలు స్తంభానికి ఆనుకోకుండా ఊరికే కూర్చోండి. మెల్లగా పైకప్పు మీద ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో బొమ్మలు తేలతాయి: పార్వతీకల్యాణం, శివుడు బోయవాడిగా వచ్చి అర్జునుడితో తలపడే కిరాతార్జునీయం. ఆ బొమ్మల్లో దేవుళ్ల కంటే నాకు పక్కన నిలబడ్డ ఆడవాళ్ల చీరలే ఇష్టం. ఒక్కో చీరకు ఒక్కో గళ్లు, ఒక్కో అంచు. మెడ పట్టేస్తే ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి పొట్ట దగ్గర పెట్టుకోండి, పైకప్పు అందులో కనిపిస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు.

అవే కళ్లతో లతామండపానికి వెళ్లండి. స్తంభాల మీది తీగలు, పూలు చూస్తే మన ఇంట్లో చీర అంచు ఏదో ఒకటి గుర్తొస్తుంది. కల్యాణమండపం అసంపూర్తిగా ఆగిపోయింది. పైకప్పు లేదు, స్తంభాల మధ్య ఆకాశమే.

నందిని ఆఖరికి ఉంచుకోండి. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల దండ దగ్గరగా చూశాక, అది చూసే వైపే మీరూ తిరగండి. ఇందాకటి నాగలింగం అటే ఉంది.