ఇల్లు కూలుస్తామని నోటీసు అంటిస్తే
తిరుపతిలో మీ గోడకి కూల్చివేత నోటీసు అంటించారా? టెన్షన్ పడకుండా ముందు ఫోటో తీసి, ఏ చట్టం కింద, ఏ కారణంతో ఇచ్చారో చదవండి. కారణమే రాయని కాగితానికి ఎంత పెద్ద సీలున్నా అది దబాయింపే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చిందేమంటే, జవాబుకి కనీసం 15 రోజులివ్వాలి, మన మాట వినాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, ఇచ్చాక కూడా 15 రోజులు ఆగాలి. రోడ్డో చెరువో ఆక్రమించి కట్టినవాళ్లకి ఈ రక్షణ లేదు (నన్నడిగితే ఉండకూడదు కూడా).

జవాబు రాసిచ్చి రసీదు తీసుకోండి, 'రేపు రా' అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపేయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టినా గడువు ఆగదు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరునిస్తారు, చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి.