బస్సు వాళ్లు రద్దు చేస్తే క్యాన్సిల్ బటన్ మీరు నొక్కకండి

సంక్రాంతి సెలవులు అయిపోయే ఆదివారం రాత్రి తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక అరగంట నిలబడితే మీకే తెలుస్తుంది. హైదరాబాద్, బెంగళూరు వెళ్లే ప్రైవేటు స్లీపర్ల కోసం జనం బ్యాగులు కింద పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, అందులో ఎవరో ఒకరికి ఫోన్ వస్తుంది. "సార్, బండి బ్రేక్‌డౌన్ అయిపోయిండాది, యాప్‌లో మీరే క్యాన్సిల్ కొట్టేయండి సార్, దుడ్లు వచ్చేస్తాయి."

రెండేళ్ల కింద ఆ ఫోన్ నాకొచ్చింది. నేను, మా నాయన, అమ్మ, మూడు టికెట్లు, మొత్తం 4,200. బయల్దేరడానికి ఇంకా గంటన్నర ఉంది. తెల్లారితే నాకు ఆఫీసు, మా నాయనకు ఆస్పత్రిలో అపాయింట్‌మెంట్, ఆ టెన్షన్‌లో వాడు చెప్పినట్టే కొట్టేశాను. రిఫండ్ ఎంత అని చూస్తే సున్నా. బయల్దేరే ముందు కొన్ని గంటల్లో ప్రయాణికుడు క్యాన్సిల్ చేస్తే వంద శాతం కోత అని టికెట్ కిందే రాసుంది. యాప్ లెక్కలో రద్దు చేసింది బస్సు వాడు కాదు, నేను. ఆర్టీసీలో సీట్లు దొరక్క 11,000 పెట్టి కారు మాట్లాడుకుని వెళ్లాం. రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఒకతను, నేను ఎక్కాల్సిన బండిలోనే తను వచ్చానని, సీటు 2,600కి కొన్నానని మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అందుకే మొదట ఇది గుర్తుపెట్టుకోండి. రద్దు చేసింది ఎవరు అన్నదాని మీదే మీకు వచ్చే ప్రతి రూపాయి ఆధారపడి ఉంటుంది. బస్సు, విమానం, హోటల్ రూము, కచేరీ పాసు, కళ్యాణ మండపం, ఏదైనా సరే. వాళ్లు ఎంత మర్యాదగా అడిగినా, ఎంత తొందరపెట్టినా మీ చేత్తో క్యాన్సిల్ చేయకండి. "మీరే మీ వైపు నుంచి క్యాన్సిల్ చేయండి, నాకు మెసేజ్ రావాలి" అనండి. అక్కడే వాళ్ల గొంతు మారుతుంది, చూడండి.

ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో చేయాల్సింది

నోటి మాటను రాతలోకి తెచ్చుకోవాలి. కాల్ వచ్చిన నంబరుకే వాట్సాప్‌లోనో ఎస్ఎంఎస్‌లోనో ఇలా పంపండి: "ఈ రోజు రాత్రి 8:05కి మీరు ఫోన్ చేసి 9:30 తిరుపతి–హైదరాబాద్ బస్సు రద్దయిందని చెప్పారు. నేను క్యాన్సిల్ చేయలేదు, ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాను. వేరే బస్సు ఏర్పాటు చేయండి, లేదంటే పూర్తి డబ్బు, నేను వేరే బండికి పెట్టే అదనపు ఖర్చు మీరే ఇవ్వాలి." వాళ్లు జవాబివ్వకపోయినా పర్లేదు, ఆ టైముకు మీరు ఏం చెప్పారో రికార్డులో ఉంటుంది. అదే విషయం యాప్ కస్టమర్ కేర్ చాట్‌లో కూడా పెట్టి కంప్లైంట్ నంబరు తీసుకోండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, టికెట్ స్క్రీన్‌షాట్, వీలుంటే అదే రూటులో అదే ఆపరేటర్ ఆ రాత్రికి సీట్లు ఎంతకు అమ్ముతున్నాడో ఆ స్క్రీన్‌షాట్ కూడా. చివరిది నేను తీయలేదు, ఇప్పటికీ బాధే.

పికప్ పాయింటుకు వెళ్లాక బస్సు రాకపోతే అక్కడ ఒక ఫొటో తీసుకోండి, లొకేషన్ ఆన్‌లో పెట్టి. "ప్యాసింజరే రాలేదు" అని రాసేయడం వీళ్లకు అలవాటు.

వేరే బండికి డబ్బు యూపీఐలో కట్టండి, నగదు ఇస్తే రుజువుండదు. ఇంకోటి, కోపంలో ఇన్నోవా మాట్లాడుకుని బిల్లు వాళ్ల మీద వేద్దామనుకోకండి. ఆర్టీసీలో సీటు ఉండగా కారెందుకు అని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైందే. సీట్లు లేవని చూపించే స్క్రీన్‌షాట్ ఉంటే కారు ఖర్చు అడగొచ్చు.

"మేము మధ్యవర్తులం మాత్రమే, ఆపరేటర్‌ని అడగండి" అని యాప్ వాళ్లు అంటారు. వదలొద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ పేరు, మెయిల్ ఐడీ యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటాయి, ఓపిగ్గా వెతకండి. అదే నిబంధనల్లో ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. వాళ్లు తమంతట తాము రద్దు చేసినప్పుడు అలాంటి ఛార్జీనే తాము కూడా భరిస్తే తప్ప, వినియోగదారుడి దగ్గర క్యాన్సిలేషన్ ఛార్జీ వసూలు చేయకూడదు. మెయిల్‌లో ఈ మాట రాస్తే జవాబు కాపీ పేస్ట్‌లా కాకుండా మనిషి రాసినట్టు వస్తుంది, నా అనుభవం.

రేణిగుంట నుంచి విమానం అయితే

ఇక్కడ లెక్క స్పష్టంగా ఉంది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాసిపెట్టింది. రెండు వారాల ముందే రద్దు సంగతి చెబితే వేరే విమానమో, డబ్బు వాపసో మీ ఇష్టం. ఆ తర్వాత చెప్పినా బయల్దేరడానికి 24 గంటల ముందు దాకా అదే పద్ధతి. 24 గంటల లోపు చెబితే, లేదా అసలు చెప్పకపోతే, రిఫండ్ కాక పైన నష్టపరిహారం కూడా. గంటలోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటల దానికి 7,500, అంతకు మించితే 10,000. కానీ ఒక మెలిక ఉంది. ఆ మొత్తం, మీ టికెట్‌లో ఒకవైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. రేణిగుంట నుంచి హైదరాబాద్ గంట పైన పడుతుంది కాబట్టి 7,500 శ్లాబు, అయితే మీ బేసిక్ ఫేర్, ఫ్యూయల్ కలిపి 3,100 అయితే వచ్చేది 3,100. తక్కువే, కానీ అది టికెట్ డబ్బు కాక వచ్చేది, అడగకపోతే అదీ రాదు.

వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) సమస్య, భద్రతా కారణాలు, సమ్మెలు లాంటివైతే పరిహారం ఉండదు, రిఫండో వేరే విమానమో ఉంటుంది. అందుకే కౌంటర్లో "కారణం ఏంటో రాసివ్వండి" అని అడగండి. పొద్దున "ఆపరేషనల్ రీజన్" అన్నవాళ్లు వారం తర్వాత "వాతావరణం" అంటారు.

డబ్బును మీరు అడగకుండానే, తర్వాతి టికెట్‌కు వాడుకోమని వాళ్ల దగ్గరే ఉంచుకునే క్రెడిట్ షెల్‌లో వేసేస్తే ఒప్పుకోకండి, అందులో ఉంచాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం అని నిబంధనలోనే ఉంది. ఇంకో జాగ్రత్త, మన ఊళ్లో చాలామంది ట్రావెల్స్ షాపులో టికెట్ చేయించుకుంటారు, షాపతను తన నంబరే వేసేస్తాడు. రద్దు మెసేజ్ అతని ఫోన్‌కు పోతుంది. ప్రయాణికుడి సరైన నంబరు లేకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదని కూడా రూలుంది కాబట్టి దగ్గరుండి మీ నంబరు వేయించుకోండి. ఎయిర్‌లైన్ తేల్చకపోతే కేంద్ర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి.

రైలు సంగతి చిన్నది. రైల్వేనే రైలు రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, టీడీఆర్ (రిఫండ్ కోసం పెట్టే దరఖాస్తు) అక్కర్లేదు, ఇక్కడ కూడా మీరు క్యాన్సిల్ నొక్కకండి. కౌంటర్ టికెట్ అయితే బయల్దేరాల్సిన తేదీ నుంచి మూడు రోజుల్లో కౌంటర్‌లో ఇవ్వాలి. మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోతే పూర్తి డబ్బు వస్తుంది, కాకపోతే రైలు అసలు కదిలేలోపే టీడీఆర్ వేయాలి. 2025 అక్టోబరులో మొంథా తుఫానప్పుడు చాలా రైళ్లు రద్దయ్యాయి, అలాంటప్పుడు రిఫండ్ దగ్గర ఆగిపోవాలి, తుఫానుకు రైల్వేని నష్టపరిహారం అడగడం వృథా. కారణం చెప్పలేని ఆలస్యమైతే వేరు. జమ్మూ వెళ్లే రైలు నాలుగు గంటలు లేటై శ్రీనగర్ విమానం తప్పిపోయిన ఒక కుటుంబానికి ట్యాక్సీ ఖర్చుతో సహా పరిహారం ఇవ్వాలని వచ్చిన తీర్పును 2021లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆలస్యానికి కారణం రుజువు చేయాల్సింది రైల్వేనే అని చెప్పింది.

మండపాలు, పాసులు

కళ్యాణ మండపం వాళ్లు అడ్వాన్స్ రశీదు వెనక "పార్టీ రద్దు చేస్తే అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు" అని అచ్చేయిస్తారు. మండపం వాళ్లే రద్దు చేస్తే ఏంటి? దాని గురించి రశీదులో ఒక్క ముక్క ఉండదు. మంచి ముహూర్తానికి ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే "పైన రిపేరు పనులు ఉన్నాయి" అని ఫోన్ చేసే ఓనర్లు ఉంటారు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే రోజే, రశీదు మీదనే, "మేము మండపం ఇవ్వలేకపోతే అడ్వాన్స్‌తో పాటు అంతే మొత్తం ఇస్తాం" అని చేత్తో రాయించి సంతకం పెట్టించండి. మొహమాటపడతారు మనవాళ్లు, "మన శాస్త్రిగారికి తెలిసినవాళ్లే కదా" అని. తెలిసినవాళ్లయితే సంతకం పెట్టడానికి అడ్డేముంది?

న్యూ ఇయర్ ఈవెంట్లు, మ్యూజికల్ నైట్‌లు వాయిదా పడితే "మీ పాస్ కొత్త తేదీకి చెల్లుతుంది" అంటారు. మీకు కుదరకపోతే డబ్బే కావాలని రాతలో అడగండి. కన్వీనియన్స్ ఫీజుతో సహా అడగండి, వాళ్లు ఇవ్వం అన్నా సరే, ఆ మొత్తం మీ ఫిర్యాదులో ఉండాలి.

ఎంత అడగాలి, ఎక్కడ అడగాలి

టికెట్ డబ్బు, వేరే ఏర్పాటుకు పెట్టిన తేడా, ఈ రద్దు వల్ల వృథా అయిన ఇతర బుకింగులు, తర్వాత మానసిక వేదనకు కొంత, ఖర్చులకు కొంత. మూడోదాంట్లో మన దగ్గర ఎక్కువగా తగిలేది 300 రూపాయల దర్శనం టికెట్, రూము. బస్సు రాక తేదీ తప్పిపోతే ఆ దర్శనం టికెట్ కాపీ కూడా జత చేయండి. మానసిక వేదనకు నాలుగు వేల టికెట్ మీద ఐదు లక్షలు రాయకండి, చదివేవాళ్లకు మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. రిఫండ్ వస్తే తీసుకోండి, తప్పేం లేదు, కానీ "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉన్న మెయిల్‌కు ఓకే అనకండి. "టికెట్ మొత్తం అందింది, మిగతా క్లెయిమ్ అలాగే ఉంది" అని జవాబివ్వండి.

డబ్బు పంపించేశాం, మీ బ్యాంకునే అడగండి అని చెబితే ఆ రిఫండ్‌ను బ్యాంకులో వెతకడానికి పనికొచ్చే నంబరు, కార్డుకైతే ఏఆర్ఎన్, యూపీఐకైతే యూటీఆర్, ఇమ్మనండి. ఆ నంబరు ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా పంపలేదనే అనుమానించండి. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అభ్యర్థన) కూడా పెట్టొచ్చు, సర్వీసు అందలేదు అన్న కారణంతో, దానికి గడువుంటుంది కాబట్టి నెలలు ఆగొద్దు.

కంపెనీ కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, వాట్సాప్ నంబరు 8800001915. ఇది కోర్టు కాదు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తుంది, అంతే. కానీ పెద్ద కంపెనీలు దీనికి పలుకుతాయి. నాకు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్, 1915లో ఫిర్యాదు, రెండూ పెట్టిన 23వ రోజున 4,200 మొత్తం, పైన రెండు వేలు వచ్చాయి. బటన్ నేనే నొక్కాను కాబట్టి కారు ఖర్చు గురించి గట్టిగా మాట్లాడలేకపోయాను.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి ఉన్నాయి. కంపెనీ ఆఫీసు గుర్గావ్‌లో ఉన్నా, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, 2019 చట్టం ఇచ్చిన పెద్ద వెసులుబాటు ఇది. మీరు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. ముందుగా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపి 15 రోజులు టైమివ్వండి, చాలా వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి.

సొంత ఊళ్లో కేసు వేయడం అంటే ఏంటో చెప్పడానికి మన కొండకు సంబంధించిందే ఒకటి ఉంది. సేలం భక్తుడొకరు 2006లో 12,250 కట్టి స్వామివారికి వస్త్రం సమర్పించే మేల్‌చాట్ వస్త్రం సేవ బుక్ చేసుకుంటే ఆయనకు తేదీ 2020 జులైలో వచ్చింది. కోవిడ్ వల్ల సేవ జరగలేదు. బ్రేక్ దర్శనం ఇస్తాం లేదా డబ్బు వాపసు ఇస్తాం అని టీటీడీ అంది, ఆయన రెంటికీ ఒప్పుకోలేదు. తిరుపతికి రాలేదు, సేలంలోనే కేసు వేశారు. 2022 ఆగస్టులో అక్కడి జిల్లా కమిషన్, ఏడాదిలోపు సేవకు మళ్లీ తేదీ ఇవ్వండి, లేదంటే లక్షల్లో పరిహారం ఇవ్వండి అని ఆదేశించింది. జిల్లా స్థాయి ఆదేశం మీద అప్పీలు ఎప్పుడూ ఉంటుంది, మీ బస్సు టికెట్‌కు లక్షలు వస్తాయని కాదు. అవతలివాళ్లు ఇస్తామన్న రెండింటిలో ఒకటి తీసుకుని తీరాలని ఎక్కడా లేదు, అంతే.

కేసు వేసేటప్పుడు కాగితాలు తేదీల వరుసలో పెట్టండి. టికెట్, కాల్ లాగ్, మీరు పంపిన మెసేజ్, వాళ్ల జవాబు, వేరే బండి యూపీఐ రశీదు, నోటీసు, పోస్టాఫీసు రశీదు. ఫిర్యాదు రెండు పేజీలు దాటనివ్వకండి, బస్సు వాణ్ణి తిట్టే పేరాలు తీసేయండి. మొదటి ముసాయిదాలో నావి ఏడు ఉన్నాయి.