పిజ్జాకి ఇటాలియన్ పిండి కొనే ముందు మీ పొయ్యిని చూసుకోండి

మల్కాజ్‌గిరిలో మా వంటింట్లో ఉన్నది 40 లీటర్ల ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్. దాని వేడి 250 డిగ్రీలు దాటదు. ఆ సంగతి ఆలోచించకుండానే మొదటిసారి డబుల్ జీరో అని రాసి ఉన్న ఇటాలియన్ ప్యాకెట్ కొన్నాను. మైదా ధరకి ఎన్నో రెట్లు పెట్టి తెచ్చిన పిండి కదా, పిల్లలిద్దరూ ఓవెన్ అద్దం ముందు కూర్చుని ఎదురుచూశారు. 12 నిమిషాలైనా అంచుకి రంగు తిరగలేదు. ఇంకో నాలుగు నిమిషాలు ఉంచాను. రంగు అంతంతమాత్రమే, అంచు మాత్రం అప్పడంలా గట్టిపడింది. పిండిలో లోపం లేదు. అది మా ఓటీజీకి తగిన పిండి కాదు, అంతే.

పాతబస్తీలో నాలుగు మూలల నాన్ కాల్చడం చూసే ఉంటారు. భట్టీ గోడకి కొడతారు, చూస్తుండగానే పొంగి మచ్చలు పడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. అదే నాన్‌ని తక్కువ వేడిలో పావుగంట పెడితే నీరంతా ఆరిపోయి గట్టిపడుతుంది. ఇటలీలోని నేపుల్స్ పిజ్జా కూడా అలాంటిదే. అక్కడి కట్టెల పొయ్యి కప్పు దగ్గర వేడి 480 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి వస్తుంది. ఆ పిజ్జా కోసం చేసే డబుల్ జీరోలో మామూలుగా మాల్ట్ (తొందరగా రంగు తెచ్చే మొలకల ధాన్యం పొడి) కలపరు. అంత మంటలో తొందరగా రంగెక్కే పిండైతే మాడిపోతుంది మరి. మన 250 డిగ్రీల్లో అదే పిండి రంగెక్కక తెల్లగా ఉండిపోతుంది.

ఇక ఆ సున్నాల సంగతి. చాలామంది డబుల్ జీరో అంటే బలమైన పిండి, అంటే సాగదీసినా తెగనిది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇటలీలో 2001 నాటి నిబంధనల ప్రకారం ఈ అంకె చెప్పేది పిండి ఎంత తెల్లగా, పొట్టు లేకుండా ఉందన్నదే. పిండిని పూర్తిగా కాల్చితే మిగిలే బూడిద 0.55 శాతం మించకపోతే డబుల్ జీరో, 0.65 లోపైతే జీరో, 0.80 లోపైతే టైప్ వన్. పిండికి బలమిచ్చేది ప్రొటీన్, డబుల్ జీరోలో అది కనీసం 9 శాతం ఉంటే చాలు. అంటే కేకుకి పనికొచ్చే మెత్తటి పిండి మీదా డబుల్ జీరో ఉంటుంది, పిజ్జాకి పనికొచ్చే గట్టి పిండి మీదా అదే ఉంటుంది. ముందువైపు అంకె చూసి కొనకండి. ప్యాకెట్ తిప్పి, 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో చూడండి. పిజ్జాకి నేను 12 గ్రాములకి తగ్గనివ్వను.

దాని పక్కనే డబ్ల్యూ అనే అక్షరం కనిపిస్తే మీ అదృష్టం. పిండిముద్దని బుడగలా ఊది, అది ఎంత తట్టుకుంటుందో కొలిచి ఇచ్చే అంకె అది. మన ఊరికి ఇది చాలా ముఖ్యం. మే నెలలో మా వంటింట్లో ముద్ద గంటన్నరలో గిన్నె దాటుతుంది, కానీ రుచి ఏమీ రాదు. అందుకే ఫ్రిజ్‌లో 24 నుంచి 48 గంటలు నిదానంగా పులవనివ్వాలి. డబ్ల్యూ 200 ఉన్న పిండి అన్ని గంటలు ఓర్చుకోదు, జారిపోతుంది. 260 ఉంటే ఒక రోజుకి సరిపోతుంది, 300 పైన ఉంటే రెండు రోజులకీ బెంగ లేదు. 1924లో మొదలైన నేపుల్స్ కంపెనీ కపూటో ప్యాకెట్లలో నీలం రంగు పిజ్జేరియా 260 దగ్గర ఉంటుంది, ఎర్రటి క్వోకో 300 పైన. మన లెక్కకి నేను ఎర్రదే తీసుకుంటాను.

చేతికి తెలిసే పరీక్ష ఒకటుంది. పిసికిన ముద్దని అరగంట మూత పెట్టి ఉంచండి. నిమ్మకాయంత తుంచి, రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తూ కిటికీ వైపు పట్టుకోండి. బలమైన పిండైతే తెగకుండా పల్చబడి, అవతలి వెలుగు పొరలోంచి కనిపిస్తుంది. మొదటిసారి ఆ పొర వెనక నా వేలి నీడ కనిపించినప్పుడు మా అమ్మాయిని కేకేసి మరీ చూపించాను.

ఓటీజీ ఉన్నవాళ్లకి నా కొలత ఇది: 300 గ్రాముల బలమైన ఇటాలియన్ పిండి, 200 గ్రాముల మామూలు మైదా, 310 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు, 12 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక చెంచా పంచదార, ఒక చెంచా నూనె. పంచదార రంగు తెస్తుంది, నూనె అంచుని ఎండిపోనివ్వదు. ఫ్రిజ్‌లో ఒక రోజు చాలు. నీళ్లు మాత్రం తూచే పోయండి. మన చక్కీ గోధుమపిండి ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, చపాతీ పిండి అలవాటుతో చేతికి తోచినంత పోస్తే ఈ ముద్ద జావైపోతుంది. గ్యాస్‌తో నడిచే చిన్న పిజ్జా ఓవెన్ ఉన్నవాళ్లు మైదా, పంచదార, నూనె మానేసి, మొత్తం ఇటాలియన్ పిండే వాడుకోవచ్చు.

ప్యాకెట్ మీద 'గ్రానో తెనెరో' అంటే మెత్తటి గోధుమ. అది గోధుమ రకం పేరే, పిండి బలం వేరే సంగతి; మనకి కావలసింది అదే. 'సెమోలా' అని ఉంటే అది డ్యూరమ్ గోధుమది, పాస్తాకి వాడేది. పీట మీద చల్లుకోవడానికి అది బాగుంటుంది, దాని బదులు సన్నటి బొంబాయి రవ్వతోనూ పని జరిగిపోతుంది.

విడిగా తూచి కవర్లో కట్టిచ్చే 'ఇటాలియన్ మైదా' కొనకండి. ఒక దుకాణంలో అలా కొన్న కిలో పిండిని ఇంటికొచ్చి జల్లిస్తే ముక్క వాసన, రెండు పురుగులు. ఎప్పటిదో తేదీ లేదు, ఏ రకమో తెలియదు. సీలు ఉన్న కిలో ప్యాకెట్ తీసుకోండి, దిగుమతి స్టిక్కర్ కింద అసలు తేదీ ఉందేమో గమనించండి. వానలు మొదలయ్యాక తెరిచిన ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకండి, లేదంటే చెమ్మ దిగి పిండి ఉండలు కడుతుంది.